సంతానలేమి ఎవరి కర్మఫలం?

సంతానం కలగని స్త్రీకి కారణం చెప్పడంలో భారతీయ సమాజం ఏనాడూ తడబడలేదు. పూర్వజన్మలో చేసిన పాపం, పామును చంపినందువల్ల సంక్రమించిన నాగదోషం, తృప్తి చెందని పితృదేవతల శాపం, మొక్కుకొని తీర్చని మొక్కు, ఇలా ఏది చెప్పినా దాని మూలం చివరికి ఆ స్త్రీ దగ్గరో ఆమె వంశం దగ్గరో తేలుతుంది. పరిహారంగా రావిచెట్టు చుట్టూ ప్రదక్షిణలు చేయవలసింది, నాగప్రతిష్ఠ జరిపించవలసింది, సంతానగోపాల వ్రతం పట్టవలసింది కూడా ఆమే. గడచిన ఎనభై ఏళ్లలో వైద్యశాస్త్రమూ జీవరసాయన శాస్త్రమూ ఈ కారణాల వరుసలో కొత్తదొకటి చేర్చాయి. గాలి, నీరు, ఆహారం, ఔషధం ద్వారా ఒంట్లోకి చేరి హార్మోన్ల పనిని తారుమారు చేసే కృత్రిమ రసాయనాలు సంతానోత్పత్తి శక్తిని దెబ్బతీయగలవని అవి నిరూపించాయి. ఒకరు తయారుచేసి, మరొకరు అమ్మి, ఇంకొకరు అనుమతించిన పదార్థం వల్ల ఒక స్త్రీకి ఆమె పుట్టకముందే హాని జరిగితే ఆ ఫలాన్ని ఎవరి కర్మకు జమకట్టాలి? కర్మసిద్ధాంతాన్ని నమ్మేవారు తప్పించుకోలేని ప్రశ్న ఇది; నమ్మనివారికి కూడా ఇది బాధ్యతకు సంబంధించిన ప్రశ్నగా మిగిలే ఉంటుంది.

ముందు శాస్త్రవిషయాన్ని స్పష్టం చేసుకోవాలి. హార్మోన్లు అంటే వినాళ గ్రంథులు నేరుగా రక్తంలోకి విడుదల చేసే రసాయన సంకేతాలు. మెదడు అడుగున ఉండే పీయూష గ్రంథి, కంఠంలోని థైరాయిడ్ గ్రంథి, కటిభాగంలోని అండాశయాలు ఈ సంకేతాల ద్వారానే ఒకదానితో ఒకటి సమన్వయం పొందుతూ నెలనెలా అండం పక్వం కావడాన్ని, గర్భాశయపు లోపొర సిద్ధం కావడాన్ని, నిలిచిన గర్భం కొనసాగడాన్ని నడిపిస్తాయి. కణాల్లో వీటిని గుర్తించి అందుకొనే ప్రోటీన్లను గ్రాహకాలంటారు. గట్టి ప్లాస్టిక్ తయారీలో వాడే బిస్ఫినాల్-ఎ ఈస్ట్రోజన్ గ్రాహకాలకు అతుక్కొని ఆ హార్మోన్‌ను అనుకరిస్తుంది. డీడీటీ అనే పురుగుమందు విచ్ఛిన్నం కాగా మిగిలే డీడీఈ పురుష హార్మోన్ల గ్రాహకాలకు అడ్డుపడుతుంది. ప్లాస్టిక్‌ను మెత్తబరచడానికి, సౌందర్య సాధనాల్లో పరిమళం నిలపడానికి వాడే థాలేట్లు హార్మోన్ల తయారీనే దెబ్బతీస్తాయి. వీటన్నింటినీ కలిపి హార్మోన్లకు అంతరాయం కలిగించే రసాయనాలుగా వర్గీకరించే పద్ధతి 1991లో అమెరికాలోని విస్కాన్సిన్ రాష్ట్రంలో థియో కోల్‌బోర్న్ చొరవతో జరిగిన వింగ్‌స్ప్రెడ్ సమావేశం నుంచి మొదలైంది. అలాంటివని తెలిసిన, అనుమానిస్తున్న రసాయనాలు దాదాపు 800 ఉన్నాయని ప్రపంచ ఆరోగ్య సంస్థ, ఐక్యరాజ్య సమితి పర్యావరణ కార్యక్రమం 2012లో కలిసి వెలువరించిన నివేదిక పేర్కొన్నది.

విషం మోతాదులోనే ఉంటుందని 16వ శతాబ్దపు స్విస్ వైద్యుడు పారాసెల్సస్ కాలం నుంచి పాశ్చాత్య విషశాస్త్రం నమ్ముతూ వచ్చింది. ఈ రసాయనాల విషయంలో ఆ సూత్రం సగమే పనికివస్తుంది, ఎందుకంటే ఇక్కడ ఎంత అన్నదానితోపాటు ఎప్పుడు అన్నది కూడా నిర్ణాయకం. స్త్రీ జీవితకాలానికి కావలసిన అండకణాలన్నీ ఆమె తల్లిగర్భంలో ఉండగానే ఏర్పడతాయి. ఐదవ నెల నాటికి పిండంలో అరవై డెబ్బై లక్షల దాకా ఉండే ఆ కణాలు పుట్టేనాటికి పది ఇరవై లక్షలకు, రజస్వల అయ్యేనాటికి మూడు నాలుగు లక్షలకు తగ్గిపోగా, వాటిలో పక్వమై విడుదలయ్యేవి సుమారు 400 మాత్రమే. కాబట్టి ఆడపిల్లను మోస్తున్న గర్భిణి శరీరంలో మూడు తరాలు ఏకకాలంలో ఉంటాయి: ఆమె, ఆమె కూతురు, ఆ కూతురి అండాశయంలో భవిష్యత్ మనుమల బీజాలు. ఆ సమయంలో ఆమె రక్తంలోకి చేరిన రసాయనం మూడు తరాలనూ ఒకేసారి తాకుతుంది.

ఇది ఊహ కాదనడానికి అన్నింటికన్న బలమైన సాక్ష్యం డైఇథైల్‌స్టిల్‌బెస్ట్రాల్, క్లుప్తంగా డీఈఎస్, అనే మందు చరిత్ర. ఈస్ట్రోజన్‌లా పనిచేసే ఈ కృత్రిమ పదార్థాన్ని 1938లో లండన్‌లో చార్లెస్ డాడ్స్ బృందం తయారుచేసింది. గర్భస్రావాన్ని ఆపుతుందన్న నమ్మకంతో 1940ల నుంచి అమెరికా వైద్యులు దీన్ని గర్భిణులకు విరివిగా రాశారు. 1953లో షికాగో విశ్వవిద్యాలయంలో విలియం డీక్‌మన్ బృందం 1,600 మందికి పైగా గర్భిణులను రెండు జట్లుగా విభజించి, ఒక జట్టుకు మందును, మరొక జట్టుకు ఉత్తుత్తి మాత్రను ఇచ్చి పరీక్షించగా, మందు వల్ల ఏ ప్రయోజనమూ లేదని తేలింది. అయినా వాడకం ఆగలేదు. 1971లో బోస్టన్ వైద్యుడు ఆర్థర్ హెర్బ్స్ట్, ఆయన సహచరులు యువతుల్లో అత్యంత అరుదైన యోని క్యాన్సర్ సోకిన 8 మందిని పరిశీలించి, వారిలో ఏడుగురి తల్లులు గర్భవతులుగా ఉన్నప్పుడు డీఈఎస్ వాడినట్లు కనుగొన్న తరువాత, ఆ ఏడాది నవంబరులో గర్భిణులకు ఇది ఇవ్వకూడదని అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ హెచ్చరించింది. క్యాన్సర్ కొద్దిమందికే వచ్చింది; సంతానోత్పత్తికి జరిగిన హాని మాత్రం విస్తారమైనది. గర్భాశయం వికృతాకారంలో ఏర్పడడం, గర్భం గర్భాశయం బయట నిలవడం, నెలలు నిండకుండా కాన్పు కావడం ఆ కూతుళ్లలో ఎక్కువగా కనిపించాయి. 2011లో వెలువడిన అధ్యయనం ప్రకారం గర్భంలో ఈ మందు ప్రభావానికి గురైన స్త్రీలలో సంతానలేమి 33 శాతం కాగా, గురికానివారిలో అది 15 శాతానికి కాస్త పైన. బిడ్డను నిలుపుకోవాలని తల్లి మింగిన మాత్ర ఆ బిడ్డకు తల్లి అయ్యే అవకాశాన్ని హరించిందన్న మాట.

డీఈఎస్ వైద్యుని చేతినుంచి వచ్చింది. గాలి నుంచి, ఆహారం నుంచి వచ్చినవి ఇంకా ఉన్నాయి. 1959 నుంచి 1967 వరకు కాలిఫోర్నియాలోని ఓక్‌లాండ్ ప్రాంతంలో గర్భిణుల నుంచి సేకరించి భద్రపరచిన రక్తాన్ని దశాబ్దాల తరువాత పరీక్షించిన బార్బరా కోన్ బృందం, తల్లి రక్తంలో డీడీటీ ఎక్కువగా ఉన్నకొద్దీ ఆమె కూతురికి గర్భం నిలిచే అవకాశం తగ్గినట్లు 2003లో ప్రకటించింది. 1976 జులై 10న ఇటలీలో మిలాన్ దగ్గరి ఒక రసాయన కర్మాగారం నుంచి డయాక్సిన్ మేఘం వెలువడి సెవెసో పట్టణాన్ని కమ్మేసింది. ఆనాటి స్త్రీల రక్తంలో డయాక్సిన్ పదిరెట్లు పెరిగినచోట గర్భధారణకు పట్టే కాలం 25 శాతం పెరిగిందని, సంతానలేమి అవకాశం దాదాపు రెట్టింపయిందని తరువాతి పరిశోధన చూపింది. దక్షిణాసియాలో సూక్ష్మ ధూళికణాల కాలుష్యం వల్ల ఏటా దాదాపు మూడున్నర లక్షల గర్భాలు నష్టమవుతున్నాయని 2021లో లాన్సెట్ ప్లానెటరీ హెల్త్ పత్రిక ప్రచురించిన అధ్యయనం అంచనా వేసింది. అయితే ఇవన్నీ జనసమూహాల లెక్కలు. ఫలానా స్త్రీకి సంతానం కలగకపోవడానికి ఫలానా రసాయనమే కారణమని వేలెత్తి చూపడం సాధారణంగా సాధ్యం కాదు; వయసు, అంటువ్యాధులు, జన్యువులు, భర్తలోని శుక్రకణాల లోపాలు కూడా కారణాలే. ఈ అనిశ్చితి శాస్త్రానికి సహజం, కానీ నైతికంగా ఎవరికి లాభిస్తుందన్నది వేరే విషయం.

ఇక కర్మ మాటకు వస్తే, సంప్రదాయవాది నుంచి ఒక సమాధానం వెంటనే వస్తుంది. రసాయనం కేవలం నిమిత్తం. ఆ నిమిత్తం ఈమెకే తగలడానికి కారణం ఈమె పూర్వకర్మ. ఈ వాదాన్ని తర్కంతో ఓడించడం కష్టం, ఎందుకంటే ఏ సంఘటన జరిగినా అది దానికి అనుకూలంగానే నిలుస్తుంది. దాని బలహీనత మరోచోట ఉన్నది. ఒక ఊరి చెరువు కలుషితమై ఆ ఊరి ఆడవారందరికీ గర్భస్రావాలు జరిగితే, వారందరూ పూర్వజన్మలో ఒకే పాపం చేసి ఒకే ఊళ్లో పుట్టారని చెప్పవలసి వస్తుంది. అంతకన్న ముఖ్యంగా, కర్మసిద్ధాంతం నిమిత్తమైనవాణ్ని ఎన్నడూ దోషవిముక్తుణ్ని చేయలేదు. చంపబడినవాడు తన ప్రారబ్ధాన్ని అనుభవించినా, చంపినవాడు కొత్త పాపం కట్టుకొన్నట్లే. ఆచరణలో మాత్రం ఈ రెండవ సగం చాలా తరచుగా మరుగున పడుతుంది. బాధితురాలి కర్మ గురించి గంటలకొద్దీ ప్రవచనం చెప్పేవారు కర్మాగారం కర్మ గురించి ఒక్క వాక్యమైనా చెప్పరు.

ఈ దేశపు ఆలోచన ఎల్లప్పుడూ అంత ఇరుకుగా లేదు. బౌద్ధ గ్రంథమైన సంయుత్త నికాయంలో మోళియ సీవకుడు అనే పరివ్రాజకుడు బుద్ధుణ్ని ఇదే ప్రశ్న అడుగుతాడు: మనిషి అనుభవించేదంతా పూర్వకర్మ ఫలమేనా? బుద్ధుడు కాదని చెప్పి, బాధలకు ఎనిమిది కారణాలు లెక్కపెడతాడు. పిత్తం, శ్లేష్మం, వాతం, వాటి కలయిక, ఋతువుల మార్పు, అజాగ్రత్త వల్ల కలిగే హాని, బయటి నుంచి జరిగే ఆఘాతం, చివరిగా కర్మవిపాకం. అన్నీ కర్మవల్లనే అనేవారు తాము స్వయంగా ఎరిగినదాన్నీ, లోకం సత్యంగా అంగీకరించినదాన్నీ దాటి మాట్లాడుతున్నారని ఆయన అభిప్రాయం. ఆ ఎనిమిదింటిలో కర్మ ఒకటి మాత్రమే కావడం గమనించదగినది.

వైదిక సంప్రదాయానికి చెందిన చరకసంహిత ఇంకా దూరం వెళ్తుంది. విమానస్థానంలోని మూడవ అధ్యాయానికి జనపదోద్ధ్వంసనీయం అని పేరు. అంటే ప్రాంతానికి ప్రాంతం నాశనమయ్యే వ్యాధులను గురించినది. పాంచాల రాజధాని కాంపిల్యంలో, గంగాతీరాన, వేసవి చివరి మాసంలో ఆత్రేయ పునర్వసువు శిష్యులతో సంచరిస్తుండగా అగ్నివేశుడు అడిగిన సందేహం నేటికీ కొత్తగానే ఉంటుంది: ప్రకృతి, ఆహారం, బలం, వయసు వేరువేరుగా ఉన్న మనుషులందరూ ఒకే కాలంలో ఒకే వ్యాధితో ఎలా నశిస్తారు? మనుషులు వేరైనా వారందరికీ ఉమ్మడి అయినవి నాలుగు ఉన్నాయని, అవి గాలి, నీరు, దేశం, కాలం అని, అవి చెడినప్పుడు అందరూ చెడతారని ఆత్రేయుడు చెబుతాడు. గాలికన్న నీటినుంచి, నీటికన్న నేలనుంచి, నేలకన్న కాలంనుంచి తప్పించుకోవడం కష్టమని వాటి తారతమ్యాన్ని కూడా వివరిస్తాడు. చెడిన నీటి లక్షణాల్లో వికృతమైన రంగు, వాసన, రుచితోపాటు జలచరాలూ పక్షులూ ఆ నీటిని విడిచిపోవడాన్ని ఆయన చేర్చాడు. థియో కోల్‌బోర్న్‌కు ఉత్తర అమెరికా మహాసరస్సుల దగ్గర తొలి సూచన అందింది కూడా పక్షుల నుంచే. పెద్ద పక్షులు ఆరోగ్యంగా కనిపిస్తున్నా వాటి పిల్లలు బతకకపోవడం ఆమెను హార్మోన్ల వైపు నడిపించింది.

అగ్నివేశుని తరువాతి ప్రశ్న అసలైనది. ఈ నాలుగూ ఎందుకు చెడతాయి? వాటికి మూలం అధర్మమని, అధర్మానికి మూలం ప్రజ్ఞాపరాధమని ఆత్రేయుని సమాధానం. ఆ అధర్మం ఎవరిదన్న విషయంలో ఆయన మాట తిన్నగా ఉన్నది. దేశానికి, నగరానికి, వర్తక సంఘానికి, జనపదానికి పెద్దలైనవారు ధర్మం తప్పినప్పుడు, వారిని ఆశ్రయించుకొన్నవారు, వ్యాపారంతో బతికేవారు ఆ అధర్మాన్ని పెంచి పోషిస్తారని ఆయన అన్నాడు. రోగి పూర్వజన్మ నుంచి వెతుకులాట మొదలుపెట్టలేదు. చరకునికి బిస్ఫినాల్ గురించి తెలుసునని వాదించేవారు ఉండవచ్చు. ఆ వాదం వ్యర్థం, పైగా చరకునికి అవమానం. ఆ అధ్యాయంలో దేవతలు దేశాన్ని విడిచిపోవడం, వానలు తప్పడం వంటి ఆనాటి నమ్మకాలే ఉన్నాయి తప్ప రసాయనశాస్త్రం లేదు. ఉన్నది అంతకన్న అరుదైన వస్తువు: ఉమ్మడి వ్యాధికి ఉమ్మడి కారణం వెతకాలన్న వివేకం, ఆ కారణాన్ని అధికారం ఉన్నచోట వెతకాలన్న ధైర్యం.

ప్రజ్ఞాపరాధం అన్న భావన ఇక్కడ కొంత ఆగి చూడదగినది. బుద్ధి, ధృతి, స్మృతి అనే మూడూ భ్రష్టమైనప్పుడు మనిషి చేసే పనికి ఆ పేరు పెట్టారు. బుద్ధి మంచిచెడ్డలను ఉన్నవి ఉన్నట్లు గుర్తించేది, ధృతి చెడ్డదాని వైపు మొగ్గకుండా మనసును నిలబెట్టేది, స్మృతి తెలిసినదాన్ని సమయానికి జ్ఞాపకం తెచ్చేది. డీఈఎస్ చరిత్రను ఈ మూడింటితో చదివితే దోషం ఎక్కడిదో విడమరచి చెప్పవచ్చు. 1938లో దాన్ని తయారుచేసినవారికి దాని పర్యవసానం తెలియదు. తెలియకపోవడం అపరాధం కాదు. 1953 తరువాత పరిస్థితి వేరు. మందుకు ప్రయోజనం లేదన్న జ్ఞానం ముద్రిత రూపంలో అందుబాటులో ఉన్నది, అయినా పద్దెనిమిదేళ్లపాటు చీటీలు రాయడం సాగింది. అక్కడ లోపించింది బుద్ధి కాదు, ధృతి, స్మృతి. కర్మ అనేది ఉద్దేశాన్ని బట్టే నిర్ణయమవుతుందనే వారికి ఇది మంచి జవాబు కాగలదు: ఎవరికీ హాని చేయాలన్న ఉద్దేశం లేకుండానే, తెలిసినదాన్ని పక్కన పెట్టడం ద్వారా మాత్రమే, మహాపాపం చేయవచ్చు.

ఉద్దేశపూర్వకంగా గర్భాల మీదనే గురిపెట్టిన ఒక్కడు మహాభారతంలో ఉన్నాడు. సౌప్తికపర్వంలో అశ్వత్థామ విడిచిన బ్రహ్మశిరోనామకాస్త్రానికి అర్జునుడు ప్రతిగా అస్త్రం వేయగా, రెండూ కలిస్తే లోకం దగ్ధమవుతుందని నారదుడు, వ్యాసుడు మధ్యన నిలిచి ఉపసంహరించమంటారు. అర్జునుడు ఉపసంహరిస్తాడు. అశ్వత్థామకు విడవడం తెలుసు, వెనక్కు తీసుకోవడం చేతకాదు; దాంతో ఆ అస్త్రాన్ని పాండవ స్త్రీల గర్భాలమీదికి మళ్లిస్తాడు. ఉత్తర గర్భంలోని శిశువును బతికించిన కృష్ణుడు అశ్వత్థామకు మూడువేల ఏళ్లు ఒంటరిగా తిరుగాడే శాపం ఇస్తాడు. ఎన్నో వధలు జరిగిన ఆ యుద్ధగాథలో ఇంత దీర్ఘమైన శిక్ష ఇంకెవరికీ పడలేదు. ఉపసంహారం చేతకాని అస్త్రాన్ని ప్రయోగించడమే ఒక ప్రత్యేక అపరాధమన్న ఆలోచన ఆ కథ లోపల ఉన్నది. డీడీటీ, డయాక్సిన్, పారిశ్రామిక రసాయనాలైన పీసీబీలు నేలలో, కొవ్వులో, తల్లిపాలలో దశాబ్దాల తరబడి నిలిచిపోతాయి. వాటిని తయారుచేసే విద్య ఉన్నది, వెనక్కు పిలిచే విద్య లేదు. 2001లో కుదిరిన స్టాక్‌హోమ్ ఒప్పందం వీటిని నిషేధించడానికో పరిమితం చేయడానికో పూనుకొన్నది గానీ ఇప్పటికే వెలువడినవాటిని ఉపసంహరించలేకపోయింది.

పుట్టనివారికి జరిగిన అన్యాయాన్ని ఎలా లెక్కించాలన్నది ఆధునిక తత్వవేత్తలను కూడా వేధించింది. ఆంగ్ల తాత్త్వికుడు డెరెక్ పార్ఫిట్ 1984 నాటి గ్రంథంలో ఈ చిక్కును తీక్ష్ణంగా చూపాడు: అసలు ఉనికిలోకే రాని వ్యక్తికి నష్టం కలిగిందని చెప్పడానికి ఆ వ్యక్తి లేడు. రసాయనాల వల్ల గర్భం నిలవకపోతే పుట్టని బిడ్డ తరఫున ఫిర్యాదు చేసే హక్కుదారు ఉండరు. వ్యక్తిని మాత్రమే లెక్కలోకి తీసుకొనే నీతిశాస్త్రానికి ఇది కఠినమైన ముడి. తైత్తిరీయ సంహిత చెప్పిన మూడు ఋణాల భావనకు ఈ ముడి అంతగా తగలదు, ఎందుకంటే సంతానం ద్వారా తీరే పితృఋణం వ్యక్తికీ వ్యక్తికీ మధ్యది కాదు, తరానికీ తరానికీ మధ్యది. అయితే ఆ ఋణభావనే సంతానం లేని స్త్రీని అపరాధిగా నిలబెట్టడానికి ఆయుధమైంది కూడా. చేయడం సాధ్యం కానిదాన్ని కర్తవ్యంగా విధించడాన్ని ఏ ధర్మశాస్త్రమూ సమర్థించలేదు. కనుక ఋణం తీర్చే మార్గాన్ని ఇతరులు మూసివేసినప్పుడు బాకీ మూసివేసినవారి పేరుమీదికి మారాలి. తరాల పరంపరను తెంచినవాడే ఇక్కడ ఋణగ్రస్తుడు.

ఈ నైతిక వాదానికి చట్టంలో ఒక రూపం ఉన్నది. హైదరాబాదుకు తాగునీరిచ్చే ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ జలాశయాల పరిధిలో ఆముదం ఆధారిత ఉత్పత్తుల కర్మాగారం పెట్టే వివాదంలో, ఆంధ్రప్రదేశ్ కాలుష్య నియంత్రణ మండలికీ ప్రొఫెసర్ ఎం.వి. నాయుడుకూ మధ్య నడిచిన కేసులో, 1999 జనవరిలో సుప్రీంకోర్టు తరఫున తీర్పు రాసిన జస్టిస్ ఎం. జగన్నాథరావు ముందుజాగ్రత్త సూత్రాన్ని విస్తృతంగా చర్చించారు. శాస్త్రానికి నిశ్చయం లేనంత మాత్రాన నివారణను వాయిదా వేయకూడదని, హాని లేదని నిరూపించే భారం పరిస్థితిని మార్చదలచినవారి మీదే ఉంటుందని ఆ సూత్రం సారాంశం. ఆత్రేయుడు కూడా శిష్యులకు మొట్టమొదట చెప్పింది ఇలాంటిదే: ఉత్పాతపు సూచనలు కనిపిస్తున్నాయి, భూమి సారం కోల్పోకముందే ఓషధులను సేకరించి ఉంచండి అని. రుజువు పూర్తిగా చేతికి వచ్చేదాకా ఆగినవాడికి అప్పటికి మందు మిగలదు.

ఆచరణలో రుజువు భారం నేటికీ తలకిందులుగానే ఉన్నది. ఇంట్లో తన దోషం లేదని సంతానం లేని స్త్రీయే నిరూపించుకోవాలి. న్యాయస్థానానికి వెళితే తన గర్భనష్టానికి ఫలానా రసాయనమే కారణమని కూడా ఆమే నిరూపించాలి. సెవెసోలో ప్రమాదం తరువాత డయాక్సిన్ సోకిన గర్భిణులకు గర్భస్రావం చేయించవచ్చా అన్న విషయమై ఇటలీ సమాజమూ కాథలిక్ చర్చీ తీవ్రంగా వాదించుకొన్నాయి. 1978లో వచ్చిన గర్భస్రావ చట్టానికి దారితీసిన పరిణామాల్లో అది కూడా ఒకటి. అక్కడ కూడా మతపరమైన చర్చ బరువంతా స్త్రీల నిర్ణయం మీద పడింది. ఈ మధ్య కాలంలో వైద్యులూ పత్రికలూ స్త్రీలకు ఇస్తున్న సలహాలు, ప్లాస్టిక్ డబ్బాల్లో వేడి పదార్థాలు పెట్టవద్దు, పరిమళ ద్రవ్యాలు తగ్గించండి, కూరగాయలు బాగా కడగండి అన్నవి, ఉపయోగకరమైనవే, పాటించడంలో తప్పులేదు. కానీ గాలిని కడుక్కొనే వీలు ఎవరికీ లేదు. ఈ సలహాలతోనే విషయం ముగిస్తే పాత నోముల స్థానంలో కొత్త నోములు వచ్చినట్లే, దోషం మళ్లీ ఆమె వంటింట్లోనే ఉన్నట్లే. పాలసీసాల్లో బిస్ఫినాల్-ఎ వాడకాన్ని ఐరోపా సమాఖ్య 2011లో నిషేధించినప్పుడు తల్లులు ఒక్కొక్కరుగా జాగ్రత్త పడవలసిన అవసరం ఆ మేరకు తప్పింది. ధర్మం పై నుంచి నడవడమంటే అది.

సంతానం కోసం వచ్చే దంపతులకు సలహా ఇచ్చే పండితులకూ ప్రవచనకారులకూ ఈ విషయంలో ప్రత్యేకమైన బాధ్యత ఉన్నది, ఎందుకంటే వైద్యుని కన్న ముందు చాలామంది వెళ్లేది వారి దగ్గరికే. జాతకంలో దోషం చూసేముందు ఆ ఊరికి నీరు ఎక్కణ్నుంచి వస్తున్నదో, పొలాల్లో ఏమి చల్లుతున్నారో, చుట్టుపక్కల ఎంతమందికి ఇదే బాధ ఉన్నదో, భర్త కూడా పరీక్ష చేయించుకొన్నాడో లేదో వారు అడగాలి. ఒకే వీధిలో పలువురికి ఇదే కష్టం కనిపిస్తే ప్రజారోగ్య అధికారులకు, కాలుష్య నియంత్రణ మండలికి చెప్పాలి. అది శాస్త్రాన్ని తలకెత్తుకొని సంప్రదాయాన్ని విడిచిపెట్టడం కాదు. కాంపిల్యంలో అగ్నివేశుడు గురువును అడిగిన ప్రశ్ననే మళ్లీ అడగడం.